‘సినిమా ఎట్లుండాది?’ అన్న ఒక్క ప్రశ్నలో ఎన్ని ప్రశ్నలు

తిరుపతిలో ఒక ఆదివారం రాత్రి ఫస్ట్ షో వదిలాక నలుగురం బస్టాండు దగ్గరి టీ కొట్టు ముందు నిలబడ్డాం. నాతో వచ్చినవాళ్లలో ఒకడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు, ఇంకొకరు సంస్కృతం బోధించే నా మిత్రుడు, మూడో ఆయన మా వీధిలోనే ఉండే ఆర్టీసీ కండక్టరు. గ్లాసులు కడుగుతూనే కొట్టతను “ఎట్లుండాది సార్ సినిమా?” అని అడిగాడు. “ఇంటర్వెల్ ఒక్కటి చాలు, ఇచ్చిన దుడ్లకు సరిపోయింది” అన్నాడు మేనల్లుడు. “తండ్రి పాత్రతో మొదలైన కథ సగం దాటాక ఆ తండ్రినే మరిచిపోయింది” అన్నాడు మిత్రుడు. కండక్టరు గారు కాసేపు ఆలోచించి, “బాగానే ఉండాది గానీ, ఆడదు” అన్నారు. సినిమా చూడని కొట్టతను మాత్రం “పొద్దున్నుంచి వచ్చినోళ్లంతా యావరేజ్ అంటాండారే” అంటూ టీ వడగట్టాడు.

ఆ తర్వాత అరగంట పాటు నడిచిన వాదన ఎటూ తేలలేదు. తేలే అవకాశం కూడా లేదని నాకు చాలా రోజుల తర్వాతే అర్థమైంది. ఎందుకంటే ఆ నలుగురూ ఒకే ప్రశ్నకు నాలుగు జవాబులు చెప్పలేదు. నాలుగు వేర్వేరు ప్రశ్నలకు తలా ఒక జవాబు చెప్పారు. మేనల్లుడు చెప్పింది తనకు కలిగిన ఆనందం గురించి, మిత్రుడు చెప్పింది కథ అల్లిక గురించి, కండక్టరు గారు చెప్పింది వసూళ్ల గురించి, కొట్టతను చెప్పింది ఊళ్లో అనుకుంటున్న మాట గురించి. ఈ నాలుగూ ఒకదానికొకటి సంబంధం ఉన్నవే అయినా ఒకటి తెలిస్తే మరొకటి తెలిసినట్టు కాదు. సినిమా చూసి వచ్చినవాళ్లు పంచుకునే అభిప్రాయాలు ఇంతగా ఎందుకు చిక్కుపడతాయో, ఆ చిక్కుముడిని ఎక్కడ పట్టుకుని విప్పవచ్చో చూద్దాం.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపకరించింది ఆ సంస్కృతం మిత్రుడు చదివి వినిపించిన నాట్యశాస్త్రంలోని 27వ అధ్యాయం. సుమారు రెండు వేల ఏళ్ల నాటి ఆ గ్రంథంలో భరతుడు ప్రదర్శన ఎలా చేయాలో చెప్పి ఊరుకోలేదు. చేసిన ప్రదర్శన నెగ్గిందో లేదో ఎలా తెలుసుకోవాలన్న దానికి ఒక పూర్తి అధ్యాయమే కేటాయించాడు. నెగ్గడాన్ని ఆయన ‘సిద్ధి’ అన్నాడు. అందులో రెండు రకాలు ఉన్నాయన్నాడు. ప్రేక్షకులు చిరునవ్వు నవ్వడం, పగలబడి నవ్వడం, ‘సాధు’, ‘అహో’, ‘కష్టం’ అని పైకే అనడం, హాలంతా హోరెత్తడం, ఒళ్లు పులకరించడం, కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడడం, ఒంటి మీది బట్టలూ ఉంగరాలూ విసిరివేయడం – ఇవన్నీ మానుషీ సిద్ధికి గుర్తులు. మొదటి రోజు ఉదయం ఆటలో కాగితాలు చింపి ఎగరేసే కుర్రవాళ్లను చూసినవారికి ఈ వర్ణన కొత్తగా అనిపించదు. రెండోది దైవికీ సిద్ధి. శబ్దం లేకుండా, అలజడి లేకుండా, ఏ ఉత్పాతమూ జరగకుండా, రంగస్థలం ప్రేక్షకులతో నిండి ఉండడమే దాని లక్షణం. అంటే నిండిన హాలు నిశ్శబ్దంగా ఉండిపోవడం ఈలల హోరు కంటే పై మెట్టు అని భరతుడి లెక్క.

ఈ తేడాను మనసులో పెట్టుకుంటే మనం రోజూ వినే మాటల్లో ఒక పెద్ద చిక్కు విడిపోతుంది. ‘థియేటర్ దద్దరిల్లింది’ అన్న మాట ఒక సిద్ధికి సాక్ష్యం, ‘ఎవరూ ఫోన్ తీయలేదు’ అన్న మాట ఇంకొక సిద్ధికి సాక్ష్యం. మొదటిది లేదు కాబట్టి సినిమా పోయిందనడం ఎంత తొందరపాటో, మొదటిది ఉంది కాబట్టి గొప్ప సినిమా అనడమూ అంతే తొందరపాటు.

అదే అధ్యాయంలో భరతుడు ఎవరికి ఏది నచ్చుతుందో కూడా చెప్పాడు. యువకులు ప్రేమకథలకూ, విరాగులు మోక్షప్రసంగాలకూ, శూరులు వీర రౌద్రాలకూ యుద్ధాలకూ, వృద్ధులు ధర్మకథలకూ పురాణాలకూ సంతోషిస్తారన్నాడు. ప్రేక్షకుడికి ఉండవలసిన గుణాలను వరుసగా చెప్పి, అవన్నీ ఒక్క మనిషిలో కనిపించవని కూడా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు నుంచే ‘ప్రాశ్నికులు’ అనే ఏర్పాటు పుట్టిందని నేననుకుంటాను. తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు యజ్ఞం చూపే ఘట్టానికి యజ్ఞం తెలిసినవాడు, అభినయానికి నర్తకుడు, పద్యానికి ఛందస్సు తెలిసినవాడు, ఉచ్చారణకు శబ్దశాస్త్రం తెలిసినవాడు, నిలుచునే తీరుకు విలుకాడు, వేషానికి చిత్రకారుడు, స్వరానికి గాయకుడు, ఇలా పదిమంది పది విషయాలకు బాధ్యులు. విలుకాడిని పద్యం గురించి అడగకూడదు. అడిగితే అతను అబద్ధం చెబుతాడని కాదు, అతని మాటకు అక్కడ బరువు ఉండదు.

మన ప్రాంతంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2021 డిసెంబరులో ‘పుష్ప’ విడుదలైనప్పుడు శేషాచలం కొండల ఎర్రచందనం కథతో పాటు చిత్తూరు యాస కూడా తెర మీదికి వచ్చింది. ఆ చిత్రానికి అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం అందుకున్నాడు. తెలుగు నటుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఆ సినిమా గురించి హైదరాబాదులో జరిగిన చర్చ ఒకటి, తిరుపతిలోనూ పీలేరులోనూ జరిగిన చర్చ మరొకటి. ఇక్కడ నేను విన్న మాటల్లో సగం కథ గురించి కాదు. ‘ఆ మాట మనోళ్లు అట్లా అనరు’, ‘ఇది మాత్రం మా అవ్వ అన్నట్టే ఉంది’ అన్నవే ఎక్కువ. ఆ విషయంలో ఇక్కడి ఆటో డ్రైవర్లూ కూరగాయలమ్మే ఆడవాళ్లూ అసలైన శబ్దవేత్తలు; వాళ్ల తీర్పును మించినది లేదు. అదే మనిషి ఛాయాగ్రహణం గురించి చెప్పే మాటను అంత బరువుతో తీసుకోనవసరం లేదు. కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు పలుకుబడులు నాలుగు రకాలుగా ఉండగా చాలా సినిమాలు వాటన్నిటినీ ‘సీమ యాస’ అనే ఒకే ముద్ద కింద కలిపేస్తాయి. మిగతా ఊళ్ల ప్రేక్షకులకు ఆ లోపం కనిపించదు. కనిపించకపోవడం వాళ్ల తప్పు కూడా కాదు.

మరి తీర్పు చెప్పే అర్హత ఉన్న మనిషి కూడా ఒక్కోసారి సినిమాలోకి ప్రవేశించలేకపోతాడు. ఎందుకని? భరతుడి గ్రంథానికి వ్యాఖ్య రాసిన కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు సుమారు వెయ్యేళ్ల కిందట ఈ ప్రశ్న వేసుకుని ఏడు ‘రసవిఘ్నాలు’ గుర్తించాడు. రసానుభవానికి అడ్డుపడే ఆ ఏడింటినీ ఈనాటి సినిమా మాటలకు అన్వయించి చూస్తే, మనం ‘సినిమా బాలేదు’ అన్న సందర్భాల్లో చాలావాటికి కారణం వేరే చోట దొరుకుతుంది.

మొదటి విఘ్నం ‘ఇది జరిగే పనేనా’ అన్న అవిశ్వాసం. మనం ‘లాజిక్ లేదు’ అంటున్నది దీన్నే. అభినవగుప్తుడు దీనికి చెప్పిన విరుగుడు గమనించదగింది. మామూలు సంగతులు చూపేటప్పుడు లోకానికి అలవాటైన వృత్తాంతం తీసుకోవాలి. లోకాతీతమైన పనులు చూపేటప్పుడు రాముడి వంటి ప్రసిద్ధ నాయకుడిని తీసుకోవాలి, ఎందుకంటే ఆయన పట్ల తరతరాలుగా గూడుకట్టుకున్న నమ్మకమే ఆ అసాధ్యాన్ని మోస్తుంది. నేటి అగ్రనటుడి విషయంలో జరుగుతున్నదీ అదే. పాతిక, ముప్ఫై ఏళ్లుగా ప్రేక్షకుడు పెంచుకున్న నమ్మకం ఉన్న నటుడు ఒంటిచేత్తో యాభై మందిని కొడితే అభిమానికి అడ్డు తగలదు. అదే దృశ్యాన్ని కొత్త నటుడు చేస్తే అదే అభిమాని నవ్వుతాడు. దృశ్యం మారలేదు, దాన్ని మోసే నమ్మకం మారింది. అందువల్ల ఒక సినిమాలో లాజిక్ ఉందా లేదా అని ఇద్దరు వాదించుకుంటున్నప్పుడు నిజానికి వాళ్లు ఆ నటుడి మీద తమకున్న నమ్మకాల్లోని తేడా గురించి వాదించుకుంటున్నారు. ఈ నమ్మకం ఎంత లోతైనదో తిరుపతి వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 1983లో ఎన్.టి. రామారావునూ, 2009లో చిరంజీవినీ శాసనసభకు గెలిపించిన ఊరు ఇది.

రెండో విఘ్నం, కథను ‘నాది’ అనో ‘వాడిది’ అనో పట్టుకుని కూర్చోవడం. మన హీరో సినిమా అయితే దెబ్బ తగిలినప్పుడల్లా మనకే తగిలినట్టు బాధ, ఎదుటి హీరో సినిమా అయితే ఏ మంచి దృశ్యానికీ మనసు తెరుచుకోకపోవడం. రెండు స్థితుల్లోనూ రసం పుట్టదంటాడు అభినవగుప్తుడు. ఎదుటిపక్షం వాళ్ల సంగతి భరతుడు కూడా వదలలేదు. ప్రదర్శనను చెడగొట్టడానికి శత్రువులు చేసే పనుల జాబితాలో కావాలని పెద్దగా నవ్వడం, ఏడవడం మొదలుకొని పేడా మట్టిగడ్డలూ చీమలూ విసరడం దాకా ఉన్నాయి. సినిమా మొదలైన పది నిమిషాలకే ‘డిజాస్టర్’ అని ఫోనులో రాసి పంచేవాళ్లు ఆ చీమలు విసిరినవాళ్ల వారసులే.

మూడోది నాకు అనుభవంలో తెలిసింది. తన సుఖదుఃఖాల్లో తానే మునిగిపోయిన మనిషికి ఎదుటి కథ తలకెక్కదు. మా నాన్న ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, కాస్త మనసు మళ్లుతుందని ఇంట్లోవాళ్లు బలవంతం చేస్తే ఒక హాస్యచిత్రానికి వెళ్లాను. చుట్టూ జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వుతుంటే నాకు ఒక్క మాటా అందలేదు. బయటికొచ్చి ‘అందులో ఏముంది’ అని నలుగురికి చెప్పాను. రెండేళ్ల తర్వాత అదే చిత్రం టీవీలో చూసి మా పిల్లలతో కలిసి నవ్వుతున్నప్పుడు, ఆనాడు నేను చెప్పిన అభిప్రాయం సినిమాది కాదు, నా మనసుదే అని తెలిసి సిగ్గుపడ్డాను. ఆ నలుగురిలో ఎవరైనా నా మాట విని మానుకున్నారేమో అన్న బాధ ఇప్పటికీ ఉంది.

నాలుగోది గ్రహించే సాధనంలోనే లోపం ఉండడం. దీన్ని అందరూ తక్కువగా పట్టించుకుంటారు, కానీ మన ఊళ్లలో దీని పాత్ర చాలా పెద్దది. సినిమా హాలులోని శబ్దవ్యవస్థలో మాటలు ప్రధానంగా తెర వెనుక మధ్యలో ఉన్న స్పీకరు నుంచి వస్తాయి. సంగీతమూ ఇతర శబ్దాలూ పక్కలకూ వెనక్కూ పంచబడతాయి. ఆ మధ్య స్పీకరు బలహీనపడిందంటే నేపథ్య సంగీతం మాటలను మింగేస్తుంది. ఒక హాల్లో (పేరు చెప్పను) ఒక కుటుంబ కథాచిత్రం చూసి, ‘సంగీత దర్శకుడు మాటలు వినపడనీయకుండా వాయించాడు’ అని గట్టిగా తిట్టుకుంటూ వచ్చాను. పది రోజుల తర్వాత మా అక్క కోసం వేరే హాల్లో మళ్లీ చూస్తే ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించింది. ఒక ముసలమ్మ గొణుక్కునే వాక్యం, మొదటిసారి నాకు వినపడనే వినపడనిది, ఆ దృశ్యానికి ఆయువుపట్టు. వెలుతురు సంగతీ అంతే. తెర మధ్యభాగంలో 14 ఫుట్‌ల్యాంబర్టుల వెలుగు ఉండాలని ప్రొజెక్షన్ ప్రమాణాలు చెబుతాయి. ప్రొజెక్టరు దీపం పాతబడిన కొద్దీ వెలుగు తగ్గుతుంది, అప్పుడు రాత్రి దృశ్యాలన్నీ బొగ్గుముద్దల్లా కనిపిస్తాయి. ‘ఫొటోగ్రఫీ డల్‌గా ఉంది’ అనే ముందు ఏ హాల్లో చూశామో చెప్పడం న్యాయం. సినిమా గురించి ఎవరైనా అభిప్రాయం చెబితే నేను ఇప్పుడు మొదట అడిగేది ‘ఎక్కడ చూశావు?’ అనే.

ఐదోది అస్పష్టత. తమిళ సరిహద్దున ఉన్న మనకు దీని రుచి బాగా తెలుసు. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు ఇళ్లలో రెండు భాషలూ నడుస్తాయి. అక్కడ తమిళ మూలం చూసి వచ్చినవాళ్లూ ఇక్కడ తెలుగు అనువాదం చూసినవాళ్లూ ఒకే సినిమా గురించి మాట్లాడుకుంటున్నట్టు కనిపిస్తారు, నిజానికి వాళ్లు చూసినవి రెండు సినిమాలు. పెదవుల కదలికకు మాటను సరిపెట్టడం కోసం అనువాద రచయిత వాక్యాన్ని పొడిగించాలి లేదా కుదించాలి. ఆ సర్దుబాటులో ముందు పోయేది హాస్యం, తర్వాత పోయేది బంధుత్వపు పిలుపుల్లోని చనువు. దుకాణాల బోర్డుల మీద తమిళ అక్షరాలు అలాగే ఉండి, పాత్రలు మాత్రం రాజమండ్రిలో ఉన్నామని చెబుతుంటే ప్రేక్షకుడి మనసు ఎక్కడా నిలవదు. ‘అక్కడ హిట్టు, ఇక్కడ ఫట్టు’ అన్న సినిమాల్లో అభిరుచి తేడా కంటే ఈ అస్పష్టత చేసిన నష్టమే ఎక్కువని నా అభిప్రాయం.

మిగిలిన రెండింటిలో ఒకటి ప్రధానమైనది వెనకబడి అప్రధానమైనది ముందుకు రావడం, మరొకటి చూస్తున్న భావం ఏదో తేల్చుకోలేని సందేహం. టీ కొట్టు దగ్గర నా మిత్రుడు ‘తండ్రిని మరిచిపోయారు’ అన్నది ఈ రెండింటిలో మొదటి దాని కిందికే వస్తుంది.

ఇక కండక్టరు గారి ‘ఆడదు’ అన్న మాట. ఇది పూర్తిగా వేరే లెక్క. ‘సీడెడ్‌లో ఇంత షేర్ వచ్చింది’ అని అభిమానులు చెప్పుకునే సీడెడ్ అన్న పేరే ఒక పాత చరిత్ర. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలను ఇంగ్లీషు వాళ్లు ఆ పేరుతో పిలిచారు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు వచ్చినా సినిమా వ్యాపారం పాత పేరునే అట్టిపెట్టుకుంది. నిజానికి తిరుపతి, చిత్తూరు ఆ దత్తమండలాల్లో లేవు. అవి ఆర్కాటు నవాబు ఏలుబడి నుంచి 1801లో కంపెనీకి చేరాయి, ఉత్తర ఆర్కాటు నుంచీ కడప నుంచీ కొన్ని తాలూకాలు కలిపి 1911లో చిత్తూరు జిల్లా చేశారు. పంపిణీదారుల పటంలో మాత్రం మనమూ సీడెడే.

మనం కొనే టికెట్టు డబ్బు మొత్తం కలిపితే వచ్చేది గ్రాస్. 150 రూపాయల టికెట్టు మీద 18 శాతం జీఎస్టీ పడితే మనం కట్టేది 177. వంద రూపాయల లోపు టికెట్టుకైతే 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 5 శాతమే. గ్రాస్ నుంచి పన్నూ, హాలు అద్దె లేదా హాలు యజమాని వాటా పోగా పంపిణీదారుడి చేతికి వచ్చేదాన్ని షేర్ అంటారు. ఆ షేర్ అతను ప్రాంతం హక్కులకు పెట్టిన సొమ్మును దాటితే హిట్టు, దాటకపోతే ఫ్లాపు. ఒక బయ్యరు, అంటే హక్కులు కొన్న పంపిణీదారుడు, ఒక సినిమాను సీడెడ్‌కు పది కోట్లకు కొన్నాడనుకుందాం. షేర్ ఎనిమిది కోట్లు వస్తే అది ఫ్లాపు. అదే సినిమాను, అదే జనం, అంతే ఇష్టంగా చూసినా ఆరు కోట్లకు కొని ఉంటే అది హిట్టు. అంటే హిట్టు, ఫ్లాపు అన్న మాటలు సినిమా గురించి కాకుండా సినిమాకు ముందే కుదిరిన ఒక బేరం గురించి చెబుతున్నాయి. ప్రేక్షకుడు తన అభిప్రాయంలో ఈ లెక్కను కలుపుకోవలసిన అవసరం ఏమాత్రం లేదు. కానీ ఇప్పుడు పదో తరగతి పిల్లలు కూడా సినిమా చూసి వచ్చి బ్రేక్ ఈవెన్ (పెట్టిన సొమ్ము తిరిగి రావడం) గురించి మాట్లాడుతున్నారు, ఏ దృశ్యం గుర్తుండిపోయిందో మాత్రం చెప్పలేకపోతున్నారు. ఇది నన్ను నిజంగా కలవరపెడుతుంది.

మిగిలింది టీ కొట్టతను చెప్పిన ‘అందరూ అంటున్నారు’ అన్న మాట, అదే టాక్. పెద్ద సినిమాకు అమెరికాలో ముందురోజే ప్రీమియర్లు పడతాయి కాబట్టి ఇక్కడ తొలి ఆటకు గేటు తెరిచేసరికే టాక్ తిరుపతికి చేరిపోతుంది. దాని బలం ఎంతో చెప్పే ప్రయోగం ఒకటి 2006లో ప్రచురితమైంది. అమెరికాలోని ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలు 48 కొత్త పాటలను 14,000 మందికి పైగా శ్రోతల ముందు పెట్టారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగిలినవాళ్లను ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఇంతకుముందు ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపించారు. ఆ లెక్క కనబడిన గుంపుల్లో నెగ్గిన పాటలు మరీ ఎక్కువగా నెగ్గాయి, ఓడినవి మరీ అడుగుకు పోయాయి, పైగా ఒక గుంపులో నెగ్గినది మరొక గుంపులో నెగ్గలేదు. చాలా మంచివి పూర్తిగా మునిగిపోవడం, చాలా చెడ్డవి పైకి రావడం అరుదుగానే జరిగింది. ఆ రెంటికీ మధ్య ఉన్నవాటి తలరాతను మాత్రం మొదట వచ్చిన కొద్దిమంది నిర్ణయించారు. మన సినిమాల్లో అత్యధికం ఆ మధ్య వరుసలోనివే. మొదటి ఆట చూసే ఆ కొద్దిమందేమో ఊరి జనానికి నమూనా కాదు. అభిమానులూ, వారికి ఎదుటిపక్షం వాళ్లూ, తీరికున్న విద్యార్థులే అందులో ఎక్కువ. అంకెల రేటింగుల్లోనూ ఇదే వంకర ఉంటుంది. బాగా నచ్చినవాళ్లూ, ఒళ్లు మండినవాళ్లే ఓటు వేస్తారు. పర్వాలేదనుకున్నవాళ్లు ఇంటికి పోయి పడుకుంటారు.

ఇందుకే కొందరు నిర్మాతలు సమీక్షలనే ఆపాలని కోరుతున్నారు. 2024 డిసెంబరులో తమిళ నిర్మాతల సంఘం ఒకటి, విడుదలైన మూడు రోజుల దాకా సమీక్షలు రాకుండా చూడమని మద్రాసు హైకోర్టును ఆశ్రయించింది. భావప్రకటన స్వేచ్ఛను గుర్తుచేస్తూ కోర్టు వెంటనే నిషేధం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. నాకు కోర్టు వైఖరే సరైనదనిపిస్తుంది. డబ్బు తీసుకుని పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఉన్నారన్నది కాదనలేం, దానికి వేరే దారులు వెతకాలి. టికెట్టు కొన్న మనిషి నోరు మూయించడం మాత్రం దారి కాదు.

కాలం కూడా తీర్పు చెబుతుంది, దాని లెక్క ఇంకా వేరు. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన ‘శంకరాభరణం’ మొదటి రోజుల్లో ఖాళీ కుర్చీల మధ్య ఆడింది. చూసినవాళ్లు ఒకరికొకరు చెప్పుకోగా చెప్పుకోగా నిండింది. 1990 మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదలైన రోజే పెనుతుఫాను కోస్తాను తాకింది. తొలి వసూళ్లను బట్టి ఎవరైనా ఆ సినిమా పోయిందని రాసి ఉంటే ఆ రాత వానను గురించిన రాతే అయ్యేది. 2010 అక్టోబరు 7న వచ్చిన ‘ఖలేజా’ హాళ్లలో నిలవలేదు. తర్వాత టీవీలో పదేపదే చూసిన తరం దాన్ని తలకెత్తుకుంది. 2025 మే 30న మళ్లీ విడుదల చేస్తే హాళ్లు నిండాయి. సినిమా అదే. మొదటిసారి హాలుకు వెళ్లినవాడు యాక్షన్ కథ కోసం ఎదురుచూశాడు, పదిహేనేళ్ల తర్వాత వెళ్లినవాడు ఆ సంభాషణల కోసమే వెళ్లాడు. మనం ఏం కోరుకుని లోపలికి అడుగుపెట్టామన్నది కూడా అభిప్రాయంలో భాగమే అన్నమాట.

ఈ సంగతులన్నీ తెలిశాక నేను సినిమా గురించి మాట్లాడే తీరు కొంత మార్చుకున్నాను. ‘బాగుంది’, ‘బాలేదు’ అన్న మాటకు ముందో వెనకో, ఎక్కడ చూశానో, ఏ మనఃస్థితిలో చూశానో, ఏ ఘట్టం దగ్గర నాకు ఏం జరిగిందో చెప్పడానికి ప్రయత్నిస్తున్నాను. మేనల్లుడితో వాదించేటప్పుడు ‘నువ్వు చెబుతున్నది నీకు కలిగిన ఆనందం గురించా, సినిమా అల్లిక గురించా?’ అని అడుగుతున్నాను. మొదట్లో విసుక్కునేవాడు. ఈమధ్య తనే “మామా, అల్లిక వీకే, కానీ నాకు నచ్చింది” అని విడదీసి చెబుతున్నాడు. అలా చెప్పినప్పుడు మా ఇద్దరికీ వాదించడానికి ఏమీ మిగలడం లేదు గానీ, మాట్లాడుకోవడానికి చాలా మిగులుతోంది.

ఆ ఆదివారం గడిచిన రెండు వారాలకు అదే టీ కొట్టు దగ్గర ఆగాను. కండక్టరు గారు చెప్పినట్టే సినిమా ఆడలేదు, మరుసటి శుక్రవారం తీసేస్తారని పోస్టరు మీద చివరి రోజులన్న చీటీ అంటించారు. కొట్టతను తన ఇంటావిడతో కలిసి సోమవారం మ్యాట్నీకి వెళ్లొచ్చానని చెప్పాడు. ఎట్లుండాదని ఈసారి నేనడిగాను. అతను పాలగిన్నె దించి, కాసేపు గరిటె చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“హాల్లో సగం మందే ఉండారు సార్. ఆ తండ్రి రాత్రిపూట ఇంటికొచ్చి, పాప నిద్దరపోతాంటే లేపకుండా, సద్ది గిన్నె మూత తీసి చూసి మళ్లీ మూసేస్తాడే, ఆడ మాత్రం ఒగరూ కదల్లేదు. మా ఆడమనిషి ఆ పొద్దు ఇంటికొచ్చినాక కూడా ఏం మాట్లాడలేదు.”

ఆ దృశ్యం నాకు గుర్తుకు రాలేదు. మేము చూసిన రోజు అది వచ్చే సమయానికి నా వెనక వరుసలో ఎవరో ఫోనులో ఇంటర్వెల్ గురించి ఎవరికో చెబుతున్నారు.